మన ల్యాబుకు ఏ డిస్కు?

ఈ వ్యాసం కొందరికి కోపం తెప్పించొచ్చు. ముఖ్యంగా మా పదో తరగతిలో వెనక బెంచీవాళ్లకు. వాళ్లు నా స్నేహితులే, అయినా రాయక తప్పడం లేదు.

మన బడి కంప్యూటర్ ల్యాబులో 14 కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ ఎవరో ఆఫీసులవాళ్లు వాడి వదిలేసి మనకు దానంగా ఇచ్చినవే. వాటిలో 11 ఇంకా నడుస్తాయి. వాటిలో ఉండే విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. అంటే కొత్తగా ఏ లోపం బయటపడినా దాన్ని సరిచేసే అప్‌డేట్ మామూలుగా రాదు. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, వాళ్లు ఒప్పుకున్న జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. మన డబ్బాల్లో ఒక్కటీ ఆ పరీక్ష పాస్ కాలేదు. "గుజిరీ అంగడికి ఇచ్చేస్తే పోతుంది" అని ఒక పెద్దాయన పేరెంట్స్ మీటింగులోనే అనేసినారు. గుజిరీకి ఇస్తే ఎంతొస్తుంది? ఆ డబ్బుతో కొత్తది ఒకటైనా వస్తుందా? ఆ లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా కంప్యూటర్ సారు మాత్రం, "స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి వేసి చూద్దాం, ఏది వేయాలో మీరే తేల్చుకుని రండి" అన్నారు. గొడవ అక్కడ మొదలైంది.

అమ్మానాన్నల కోసం ఒక మాట. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీదికి వచ్చి, మిగతా ప్రోగ్రాములన్నింటినీ నడిపించేదే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అట్లాంటిది ఒకటి. లైనక్స్ మీద కట్టిన డెబియన్, ఉబుంటు లాంటివి ఇంకో రకం. వీటిని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎట్ల పనిచేస్తుందో చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, కాపీ చేసి పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. అదేమీ దొంగతనం కాదు, లైసెన్సులోనే ఆ హక్కు రాసి ఉంటుంది. "ఊరికే వచ్చేదానికి విలువేముంది?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అప్పు తెచ్చుకున్న పుస్తకంలో మనం గీతలు గీయలేము, సొంత పుస్తకంలో గీసుకుంటాం. ఇక్కడ తేడా ధరలో లేదు, ఆ హక్కులో ఉంది.

ఇప్పుడు డిస్కు సంగతి. ఈ సిస్టమ్‌ను కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఇన్‌స్టాలేషన్ డిస్కు కావాలి. ఒకప్పుడు ఉబుంటువాళ్లు అడిగినవాళ్లకు సీడీని ప్రపంచంలో ఎక్కడికైనా ఉచితంగా పోస్టులో పంపేవారు. 2005లో మొదలుపెట్టి 2011లో ఆపేశారు. మా సారు బీరువాలో అట్లాంటి సీడీ ఒకటి ఇప్పటికీ ఉంది. 'లైనక్స్ ఫర్ యూ' అనే పత్రికతో వచ్చిన డిస్కులు కూడా కొన్ని ఉన్నాయి. ఇప్పుడు పోస్టులో ఏదీ రాదు, మనమే దించుకుని మనమే రాసుకోవాలి. కాబట్టి ఏది దించుకోవాలన్న ప్రశ్న మన నెత్తిన పడింది.

మా క్లాసులో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక పార్టీ తెర ఎంత అందంగా ఉందో చూస్తుంది. వీడియోల్లో చూసిన రంగులు, కిటికీలు ఎగిరొచ్చే తీరు, అదే వాళ్లకు ముఖ్యం. ఇంకో పార్టీ అందరికంటే కొత్తది ఏదో అది కావాలంటుంది. నంబరు పెద్దదైతే చాలు. ఈ రెండు పార్టీల్లో ఎవరూ ల్యాబులో ఉన్న కంప్యూటర్ మూత తీసి చూడలేదు. పెళ్లికొడుకును చూడకుండా చొక్కా కుట్టించినట్టుంది వీళ్ల వ్యవహారం.

ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ డిస్కునే తీసుకోండి. అది దాదాపు 6 జీబీ ఉంటుంది. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. అంటే డీవీడీ మీద రాయడమే కుదరదు. "పెన్‌డ్రైవ్‌లో వేద్దాం, డిస్కులు వాడేదెవరు ఈ కాలంలో?" అన్నారు. సరే, వేసి చూశాం. మన ల్యాబులో నాలుగు కంప్యూటర్లు పెన్‌డ్రైవ్ నుంచి మొదలవ్వనే లేదు. మొదలైన వాటిలో రెండింటికి ఉన్నది 2 జీబీ ర్యామే. మౌస్ కదిపితే బాణం గుర్తు కాసేపు ఆలోచించి కదిలింది.

పెన్‌డ్రైవ్ గురించి ఇంకోటి చెప్పాలి. మన బడిలో పెన్‌డ్రైవ్ ఎక్కడెక్కడ తిరుగుతుందో నాకు తెలుసు. జెరాక్స్ అంగడికి పోతుంది, బ్రౌజింగ్ సెంటరుకు పోతుంది, ఎవరి అన్న ల్యాప్‌టాప్‌లోనో సినిమా ఎక్కించుకుని వస్తుంది. అందులోని ఇన్‌స్టాలర్ ఎప్పుడు చెరిగిపోతుందో, ఏ వైరస్ చేరుతుందో చెప్పలేం. డీవీడీ-ఆర్ మీద ఒకసారి రాసి ముగించాక దాన్ని ఎవరూ మార్చలేరు. బీరువాలో పెట్టి తాళం వేస్తే వచ్చే ఏడు తొమ్మిదో తరగతివాళ్లకూ పనికొస్తుంది. కాబట్టి డిస్కును ఎగతాళి చేసేవాళ్లు ఒకసారి మన బడిని చూసి మాట్లాడండి.

ఇక నా తప్పు నేనే ఒప్పుకుంటాను. డెబియన్ అని మొదట అన్నది నేనే, కానీ మొదట తెచ్చింది తప్పు డిస్కు. డెబియన్‌లో ఒకే డిస్కు ఉండదు, చాలా రకాలు ఉంటాయి. నెట్‌ఇన్‌స్ట్ అనేది చిన్నది, సీడీ అంత ఉంటుంది. అందులో పునాది మాత్రమే ఉంటుంది, గోడలు, కప్పు అన్నీ ఇంటర్నెట్ నుంచి రావాలి. చిన్నది కదా, త్వరగా దిగుతుంది కదా అని కె.ఆర్.పురంలో మా మేనమామ ఇంట్లో దాన్ని దించుకుని శనివారం బడికి తెచ్చినాను. సారు, ఎనిమిది మంది పిల్లలు చుట్టూ నిలబడ్డారు. సగంలో నెట్ పోయింది. మన బడి నెట్ సంగతి మీకు చెప్పనక్కరలేదు. నాకు తెలిసినంత నొక్కి ఎట్లనో ముగిస్తే, చివరికి వచ్చింది నల్లటి తెర, దాని మీద ఒక గీత మిణుకుమిణుకుమంటూ. "ఇదేనా నీ లైనక్స్? దీనికంటే మా అమ్మ కాలిక్యులేటర్ మేలు" అన్నాడొకడు. అందరూ నవ్వినారు. సారు కూడా నవ్వు ఆపుకున్నారు, నేను చూశాను.

తప్పు డెబియన్‌ది కాదు. నెట్ సరిగా లేని బడికి నెట్ మీద బతికే డిస్కు తేవడం నా తప్పు. డీవీడీ-1 అనే ఇంకో డిస్కు ఉంది. డెబియన్‌వాళ్లు ఎక్కువమంది వాడే ప్యాకేజీలను ముందు డిస్కులో పెడతారు, అరుదుగా వాడేవి వెనక డిస్కుల్లోకి పోతాయి. అందుకే మొదటి డీవీడీ ఒక్కటి ఉంటే డెస్క్‌టాప్‌తో సహా సిస్టమ్ ఎక్కుతుంది, నెట్ తీగ పీకేసినా సరే. దించుకునేటప్పుడు రాత్రంతా పట్టింది, అంతే. ఎస్.పి. రోడ్డులో ఖాళీ డీవీడీలు నాలుగు కొన్నాను. అంగడాయన "ఇంకా దీన్ని కొంటారా!" అని వింతగా చూశాడు. రాసే ముందు ఈసారి బుద్ధిగా ఎస్‌హెచ్‌ఏ చెక్‌సమ్ సరిచూశాను. దించుకున్న ఫైలులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ సంఖ్య మారిపోతుంది. ఆ పని చేయకుండా డిస్కు పాడు చేసుకునేవాళ్లే ఎక్కువ.

ఇంతవరకు చెప్పింది ఇనుము సంగతి. నేను నిజంగా కొట్లాడేది దీని తరువాత సంగతి మీద.

మా చెల్లి మన బడిలోనే ఆరో తరగతి. ల్యాబు పీరియడులో ఒక కంప్యూటర్ ముందు నలుగురు కూర్చుంటారు. మౌస్ ఎవరి చేతిలో ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? ఇంగ్లీషు కొంచెం చదవగలిగినవాడి చేతిలో. మిగతా ముగ్గురు చూస్తారు. మా చెల్లి ఆరు నెలల్లో మౌస్ పట్టుకున్నది రెండుసార్లు. "నాకు రాదు కదన్నా, వాడికైతే అన్నీ వచ్చు" అంటుంది. దానికి రానిది కంప్యూటర్ కాదు, 'సేవ్', 'క్యాన్సిల్', 'ఆర్ యూ ష్యూర్' అనే మాటలు. మనం లెక్కలు తెలుగులో చదువుతాం, సైన్సు తెలుగులో చదువుతాం, ల్యాబు గుమ్మం దాటగానే మూగవాళ్లమైపోతాం.

అందుకే డిస్కు ఎంచుకోవడం అంటే భాష ఎంచుకోవడం కూడా. డెబియన్ డిస్కు పెట్టగానే ఒక పట్టిక వస్తుంది. పైన 'గ్రాఫికల్ ఇన్‌స్టాల్', దాని కింద 'ఇన్‌స్టాల్'. మావాళ్లు తెలివిగా రెండోది నొక్కినారు, పాత కంప్యూటర్ కదా అని. భాషల జాబితా వచ్చింది. అందులో తెలుగు లేదు. "చూసినావా, తెలుగు లేనే లేదు" అని ఇంగ్లీషు ఎంచుకున్నారు. తెలుగు ఉంది! మొదటి గుమ్మంలో ఉంది. రెండోది ఉత్త అక్షరాల తెర. దానికి మన గుణింతాలు, ఒత్తులు కలిపి చూపడం చేతకాదు. అందుకని తెలుగు, హిందీ, తమిళం లాంటి భాషలను గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో మాత్రమే పెట్టినారు. తప్పు తలుపు తట్టి, ఇంట్లో ఎవరూ లేరని తిరిగొచ్చేశాం.

సరైన తలుపు తట్టినప్పుడు ఏమైందో చెబుతాను. మొదటి జాబితాలో 'తెలుగు' అని తెలుగులోనే కనిపించింది. అక్కడినుంచి ప్రశ్నలు తెలుగులో వచ్చాయి. డెస్క్‌టాప్ ఏది కావాలన్నప్పుడు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈని ఎంచుకున్నాం. నెట్ తీగ పీకేసి ఉన్నా తెలుగు ఫాంట్లు కూడా దిగినాయి. మా చెల్లిని పిలిచి లిబ్రే ఆఫీస్ ముందు కూర్చోబెట్టినాను. మెనూ తెరిచి "భద్రపరచు" అని గట్టిగా చదివింది. తరువాత నన్ను అడగకుండానే నొక్కింది. నేను ఏమీ నేర్పలేదు.

ఇప్పుడు పెద్దల ప్రశ్నలు. "బెంగళూరులో ఉద్యోగం రావాలంటే ఇంగ్లీషు, విండోస్ రావాలి. తెలుగు కంప్యూటర్ ఏం కూడు పెడుతుంది?" మా నాన్న అడిగిన ప్రశ్నే ఇది. నాన్నా, ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. ఇంగ్లీషు పీరియడు ఉంది, అది నేర్చుకుంటాం. కానీ కంప్యూటర్ పీరియడును ఇంగ్లీషు పరీక్షగా మార్చొద్దు. ఇక విండోస్ మాట. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉండేది లైనక్స్ కెర్నెలే. ఈ ఊరి ఐటీ కంపెనీలలో సర్వర్లు ఎక్కువగా దాని మీదే నడుస్తాయి. మన పక్క రాష్ట్రం కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అక్కడి కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు ఆధారంగా బడుల కోసమే ఒక సిస్టమ్ తయారుచేసి ఇస్తుంది, మలయాళంతో సహా. అక్కడి పిల్లలకు ఉద్యోగాలు రావడం లేదా?

అంత దూరం ఎందుకు, మన ఊళ్లోనే గురప్పనపాళ్య దగ్గర సుదర్శన్ లేఅవుట్ బస్తీలో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిచింది. కూలిపనుల వాళ్ల పిల్లలు అక్కడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నేర్చుకున్నారు, జింప్‌తో బొమ్మలు గీశారు. వాళ్లకు చేతనైనది మనకు ఎందుకు చేతకాదు?

ఇంకో ప్రశ్న మన కన్నడ మిస్ వేశారు, మంచి ప్రశ్న. "తెలుగు మాత్రమే నేర్చుకుంటే కన్నడలో టైపు చేసేదెట్ల?" మిస్, అక్కడే మనకు లాభం. ఈ సిస్టమ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. భారతీయ భాషల్లో చాలావాటికి అదే అమరిక. తెలుగు 'క' ఏ మీటలో ఉందో కన్నడ 'ಕ' అదే మీటలో ఉంటుంది, హిందీ 'क' కూడా. ఒక భాషలో వేళ్లు తిరిగితే మూడు భాషల్లో తిరుగుతాయి. మనలాగా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పుస్తకంలో హిందీ ఉండేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

సారు చెప్పిన అభ్యంతరం మాత్రం నేను కొట్టిపారేయలేను. తెలుగు అనువాదం పూర్తిగా లేదు. ఒక మెనూ తెలుగులో ఉంటే దాని లోపలి పెట్టె ఇంగ్లీషులో తెరుచుకుంటుంది. కొన్ని మాటలు మరీ గట్టివి. ఫైలును 'దస్త్రం' అంటారు, మా నాన్నకు ఆ మాట రిజిస్ట్రారు ఆఫీసును గుర్తు తెచ్చిందట. నిజమే. కానీ ఈ అనువాదాలు ఎక్కువగా జీతం లేకుండా ఇష్టంతో చేసినవాళ్లవి. బాగా లేని మాటను మార్చి పంపే హక్కు మనకూ ఉంది. విండోస్‌లో మాట నచ్చకపోతే మనమే సరిదిద్దగలమా? మన తెలుగు సారు, మనం కలిసి నెలకు పది మాటలు సరిచేసినా చాలు.

"ప్రభుత్వానిది బాస్ లైనక్స్ ఉంది కదా, హైదరాబాద్‌వాళ్ల స్వేచ్ఛ ఉంది కదా, అవి ఎందుకు వద్దు?" అని మా తరగతి లీడరు అడిగింది. బాస్‌ను సీ-డాక్ తయారుచేసింది, భారతీయ భాషల కోసమే. స్వేచ్ఛ అయితే పేరే తెలుగు. రెండూ నాకు ఇష్టమే, పైగా రెండూ డెబియన్ మీద కట్టినవే. డెబియన్ నేర్చుకుంటే వాటి దారీ తెలిసిపోతుంది. ఏది మన కంప్యూటర్ల మీద ఎంత బాగా నడుస్తుందో ఒక్కో యంత్రం మీద వేసి చూద్దాం. చూడకుండా వాదించడం మానేద్దాం, అంతే నేను అడిగేది.

మన రాజ్యాంగంలో 30వ అధికరణం భాషా మైనారిటీలకు తమ బడులు తాము నడుపుకునే హక్కు ఇచ్చింది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు ఉండాలని 350ఎ చెబుతుంది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఈ మాటలు స్టేజీ మీద ప్రతి ఏడూ వింటాం. ఆ భాష గోడ మీద సూక్తుల్లో ఉంది, ప్రార్థనలో ఉంది, వార్షికోత్సవం నాటకంలో ఉంది. తెర మీద లేదు. తెర మీద పెట్టడానికి ఇప్పుడు పైసా ఖర్చు కూడా లేదు, ఒక డీవీడీ ధర తప్ప. అయినా మనమే 'ఇంగ్లీష్' అని నొక్కి ముందుకు పోతే తప్పు ఎవరిది?

ఒక చిక్కు మిగిలింది. మన 11 కంప్యూటర్లలో మూడు 32-బిట్‌వి. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు. వాటి కోసం 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 డిస్కును విడిగా రాయాలి. కొత్తది కావాలనే పార్టీవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, కొత్త డిస్కు మీద పడితే ఈ మూడూ గుజిరీకే పోయేవి. పాత డిస్కుకు కూడా అప్‌డేట్లు ఎల్లకాలం రావు, తెలుసు. వాటిని నెట్‌కు కలపకుండా టైపింగ్ నేర్చుకోవడానికి, బొమ్మలు గీయడానికి చిన్న తరగతులకు ఇద్దామని నా ఆలోచన. సారు ఇంకా సరే అనలేదు.

రాసిన డిస్కులు రెండు సారు బీరువాలో ఉన్నాయి. ఒకదాని మీద నల్ల మార్కరుతో '64', ఇంకోదాని మీద '32' అని రాశాను. రెండింటి మీదా 'పై వరుస నొక్కండి, తెలుగు అక్కడుంది' అని కూడా రాశాను. ఇప్పటికి ఒక్క కంప్యూటర్‌లోనే ఎక్కించాం, మూడో వరుసలో కిటికీ పక్కది. వచ్చే శనివారం బడి అయ్యాక మిగతావి మొదలుపెడతాం. గుజిరీకి వేయమన్న పెద్దాయనను కూడా రమ్మని పిలిచినాను. వస్తానన్నారు. ఆయన కూర్చోడానికి కుర్చీ మా చెల్లి తుడిచి పెడుతుందట.